మీ ఫోన్‌లో ఒక కంపోజిటర్ ఉన్నాడు

ఈ ఎపిసోడ్‌లో మనం రోజూ చూస్తూనే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోని ఒక పని గురించి మాట్లాడుకుందాం. దాని పేరు కంపోజింగ్. అంటే అచ్చు వేయడానికి అక్షరాలు పేర్చడం. "ఆ పాత ప్రెస్సులు ఎప్పుడో మూసేశారు కదా, మాకెందుకు ఇదంతా?" అని మీరు అనొచ్చు. ప్రెస్సులు మూసేసి ఉండొచ్చు గానీ, ఆ పని మాత్రం ఆగలేదు. అది మీ జేబులోకి వచ్చి కూర్చుంది. ఎలాగో చూపిస్తాను.

ఒకసారి ఫోన్‌లో నోట్స్ తెరిచి "స్త్రీ" అని టైప్ చేయండి. కంటికి అది ఒక్క అక్షరమే. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ మెల్లగా, ఒక్కొక్కసారే నొక్కండి. చాలా ఫోన్లలో ఆ అక్షరం ఒక్క దెబ్బకి పోదు. ముందు పైనున్న గుడిదీర్ఘం పోతుంది. తర్వాత క్రావడి పోతుంది. అలా ఒక్కొక్కటీ ఊడిపోతూ చివరికి "స" మిగులుతుంది. ఎందుకంటే మీ ఫోన్ దాచుకున్నది ఒక అక్షరం కాదు, ఆరు ముక్కలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

మరి ఆ ఆరింటినీ తెచ్చి, "స" కింద "త" వత్తు పెట్టి, క్రావడి తగిలించి, తల మీద గుడిదీర్ఘం ఎక్కించిందెవరు? మీరు కాదు. కీబోర్డు కూడా కాదు. లోపల ఇంకొకరు ఆ పని చేస్తున్నారు. ఒకప్పుడు అదే పనిని ప్రెస్సులో నిలబడి ఒక మనిషి చేసేవాడు. ఆయన్ని కంపోజిటర్ అనేవాళ్లు.

అసలు చిక్కు ఎక్కడుందంటే

ఇంగ్లీషుకి 26 అక్షరాలు. చిన్నవీ పెద్దవీ కలిపితే 52. అంకెలు, కామాలు, ఫుల్‌స్టాపులు కలుపుకున్నా వందకి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు మన లెక్క చూద్దాం. హల్లులు 36 అనుకోండి. ఒక్కో హల్లుకి 12 గుణింతాలు అనుకుంటే 432 రూపాలు. ఇక ప్రతి హల్లు కిందా ఏదో ఒక వత్తు రావచ్చు. 36 ఇంటూ 36 ఇంటూ 12 చేస్తే 15,552. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి రెండు వత్తుల అక్షరాలు ఈ లెక్కలో ఇంకా లేనే లేవు. వీటిలో చాలావరకు భాషలో వాడుకలో ఉండవు, నిజమే. కానీ ఏది ఎప్పుడు అవసరమవుతుందో చెప్పలేం. రేపు ఒక కొత్త ఇంగ్లీషు మాటో, ఒక కొత్త పేరో వస్తుంది. దానికీ అక్షరం ఉండాలి.

తెలుగు అచ్చు చరిత్ర మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇన్ని వేల రూపాల్ని కొన్ని ముక్కల్లో ఎలా ఇమడ్చాలి? ఆ ముక్కల్ని ఎవరు కలపాలి?

సీసం కాలం

తెలుగు పుస్తకాలు మొదట అచ్చయింది మన దగ్గర కాదు. 1746-47లో జర్మనీలోని హాలె పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించాడు. 19వ శతాబ్దం వచ్చేసరికి మద్రాసు తెలుగు అచ్చుకి పెద్ద కేంద్రమైంది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అక్కడే అచ్చయింది. అలాంటి పుస్తకంలో ప్రతి అక్షరాన్నీ ఒక మనిషి వేళ్లతో తీసి పేర్చాడు. ప్రతి అక్షరాన్నీ అంటే నిజంగానే ప్రతి అక్షరాన్నీ.

ఆ అక్షరాలు లోహపు దిమ్మలు. సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోసేవాళ్లు. సీసం తక్కువ వేడికే కరుగుతుంది, కానీ మెత్తన. యాంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది. తగరం వల్ల కరిగిన లోహం అచ్చు మూలమూలకీ పారుతుంది. దిమ్మ తల మీద అక్షరం తిరగేసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. కాగితం మీద పడ్డాక సరిగ్గా కనిపిస్తుంది.

ఈ దిమ్మలన్నీ గళ్లు గళ్లుగా ఉన్న చెక్క పెట్టెల్లో ఉండేవి. వాటినే కేసులు అనేవాళ్లు. ఇంగ్లీషు టైపుకి బాగా వాడుకలో ఉన్న కాలిఫోర్నియా జాబ్ కేసులో 89 గళ్లు. ఒక్క కేసుతో పని జరిగిపోతుంది. తెలుగుకి వందల గళ్లు కావాలి. అందుకే తెలుగు కంపోజిటర్ చుట్టూ అన్ని కేసులు పరుచుకుని ఉండేవి. ఏ గుణింతం ఎక్కడుందో, ఏ వత్తు ఏ మూలనుందో ఆయన చేతికే తెలియాలి. చూసుకుంటూ కూర్చుంటే పేజీ తెమలదు.

ఎడమ చేతిలో స్టిక్ అనే చిన్న ఇనుప పళ్లెం. కుడి చేత్తో ఒక్కో దిమ్మా తీసి అందులో పేర్చాలి. దిమ్మ ఒంటి మీద ఒక చిన్న గాడి ఉంటుంది. అక్షరాన్ని చూడకుండానే, వేలికి ఆ గాడి తగిలితే చాలు, ఏది పైవైపో ఏది కిందివైపో తెలిసిపోతుంది. లైను నిండాక మాటల మధ్య ఖాళీ దిమ్మలు సర్ది బిగించాలి. ఇది అందం కోసం మాత్రమే కాదండీ. ఒక్క లైను వదులుగా ఉన్నా, పేజీ ఎత్తేటప్పుడు అక్షరాలు జారి కింద పడతాయి. కష్టపడి పేర్చిందంతా నేలపాలు.

అచ్చు అయిపోయాక కూడా పని ఉంది. దిమ్మలన్నీ విప్పి, కడిగి, మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయాలి. అక్కడ పొరపాటున ఒక "ధ" దిమ్మ "ద" గడిలో పడిందనుకోండి, తర్వాతి పుస్తకంలో అచ్చుతప్పు రెడీగా ఉన్నట్టే. అచ్చుతప్పుల్ని మనవాళ్లు సరదాగా "ముద్రారాక్షసాలు" అంటారు, విన్నారా? ఆ మాట విశాఖదత్తుడు సంస్కృతంలో రాసిన నాటకం పేరు. నాటకంలో ముద్ర అంటే రాక్షసుడు అనే మంత్రిగారి ఉంగరపు ముద్ర. మనవాళ్లు దాన్ని "ముద్రణలో దూరే రాక్షసి"గా మార్చేశారు. ప్రెస్సులో పనిచేసిన వాళ్లకి ఆ రాక్షసి బాగా తెలుసు.

మీరు రోజూ వాడే మాటలు

పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు "ఒక అప్పర్ కేస్ అక్షరం ఉండాలి" అని ఫోన్ అడుగుతుంది కదా. ఆ కేసు ఈ కేసే. ఇంగ్లీషు ప్రెస్సుల్లో రెండు పెట్టెలు ఒకదానిపై ఒకటి పెట్టుకునేవాళ్లు. పై కేసులో పెద్ద అక్షరాలు, కింది కేసులో చిన్నవి. అందుకే అప్పర్ కేస్, లోయర్ కేస్. డిజైన్ యాప్‌లో లైన్ల మధ్య దూరాన్ని "లెడింగ్" అంటారు. లెడ్ అంటే సీసం. లైన్ల మధ్య పెట్టే పల్చటి సీసపు రేకుల నుంచి వచ్చిన పేరది. "ఫాంట్" అన్న మాట కూడా లోహం కరిగించి పోయడం అన్న అర్థం నుంచే పుట్టింది. సీసం పోయింది గానీ, మాటలు మిగిలాయి.

256 గదుల కాలం

1985లో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. లేజర్ ప్రింటర్ తోడైంది. కంప్యూటర్ మీదే పేజీ తయారు చేసుకునే పద్ధతి మొదలైంది. దాన్నే డీటీపీ అన్నారు. మన ఊళ్లలో జిరాక్స్ షాపు పక్కన "డీటీపీ చేయబడును" అని బోర్డులు వెలిశాయి. కేసుల ముందు నిలబడ్డ కంపోజిటర్ల చేతి విద్యకి గిరాకీ పడిపోయింది.

కానీ చిక్కు అలాగే ఉంది. అప్పటి ఫాంటులో 256 గదులే. అవి కూడా ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాల కోసం కట్టినవి. అందులో మన 15,552 ఎలా పడతాయి? మనవాళ్లు మంచి ఉపాయమే కనిపెట్టారు. సీసం కాలంలో లాగానే అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, వత్తు ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో. అసలు అక్కడ ఉండాల్సిన ఇంగ్లీషు అక్షరం బొమ్మ తీసేసి, తెలుగు ముక్క బొమ్మ పెట్టారు. అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలతో వేల పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు తయారయ్యాయి. ఆ రోజుల్లో తెలుగు అచ్చుని నిలబెట్టింది ఈ ఉపాయమే. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే దాని ఖర్చు ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఫైల్లో ఉన్నది నిజానికి తెలుగు కాదు. తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే చక్కటి తెలుగు. మీ ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. అందులో "రైతు" అని వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడ "రైతు" అన్న మాటే లేదు. చూపు లేనివాళ్లు ఫోన్‌లో స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటారు కదా, అది ఆ ఫైలుని చదివితే అర్థం లేని శబ్దాలు వస్తాయి.

ఒక్కసారి ఆలోచించండి. దగ్గర దగ్గర ఒక తరం పాటు రాసిన కథలు, ఊరి చరిత్రలు, పాఠాలు, పీహెచ్‌డీ పుస్తకాలు చాలావరకు అలాంటి ఫైళ్లలోనే ఉన్నాయి. కాగితం మీద చదవగలం. కానీ వెతకలేం, కాపీ చేయలేం, వినలేం. నూట యాభై ఏళ్ల నాటి పుస్తకాన్ని స్కాన్ చేసి చదువుతున్నాం గానీ, ఇరవై ఏళ్ల నాటి ఫైలు తెరవడానికి తిప్పలు పడుతున్నాం. మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఎవరైనా పుస్తకం వేసుకుని ఉంటే, దాని ఫైలు ఏ ఫాంట్‌లో ఉందో అడగండి. పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒకసారి కూర్చుని మొత్తం చదవాలి, కొన్ని వత్తులు తారుమారు అవుతాయి. అది విసుగు పనే. కానీ ఫైలు, ఆ ఫాంట్, అది నడిచే కంప్యూటర్ ఇంకా ఉండగానే చేసుకోవాల్సిన పని.

128 గదులు, ఒక తెలివైన చెయ్యి

యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది. అందులో తెలుగుకి సొంతంగా ఒక వీధి ఇచ్చారు. గదులు 128. అన్నీ ఇప్పటికీ నిండలేదు. "256 చాలకపోతే 128 ఎలా సరిపోయాయి?" అంటారా? ఇక్కడే ఆలోచన మారింది. యూనికోడ్ బొమ్మల్ని దాచదు. అక్షరం ఏంటన్నదే దాస్తుంది. "స, పొల్లు, త" అని వరుసగా రాసుకుంటుంది, అంతే. దాన్ని "స్త"గా గీయడం వేరే వాళ్ల పని. ఆ వేరే వాళ్లు ఇద్దరు. ఒకటి ఫాంట్. ఇందులో ముక్కలూ, ఏది ఏదాని కింద కూర్చోవాలన్న సూచనలూ ఉంటాయి. రెండోది షేపింగ్ ఇంజన్. సూచనలు చదివి అక్షరాన్ని కూర్చేది ఇదే.

ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పేరు పర్షియన్ మాటల నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. మీరు వాట్సాప్‌లో "శ్రీ" అని కొట్టిన ప్రతిసారీ కన్ను మూసి తెరిచేలోగా ముక్కలు తీసి, పేర్చి, బిగించి ఇచ్చేది ఇలాంటి ఇంజనే. ఇందాక చెప్పానే, ఫోన్‌లో కంపోజిటర్ ఉన్నాడని, ఆయన ఈయనే.

ఈయన పొరపాటు పడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. "జ్ఞానం"లో ఉండే "జ్ఞా" అది, కాకపోతే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు దూరింది. ఆ వరుసని ఎలా కూర్చాలో ఐఫోన్ ఇంజన్‌కి తెలియక తికమకపడింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి వరుసలు ఉన్నాయని తర్వాత తేలింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. వార్తల్లో అందరూ "తెలుగు అక్షరం ఫోన్‌ని చంపేసింది" అన్నారు. అక్షరం ఏ తప్పూ చేయలేదు. దాన్ని పేర్చాల్సిన చేతికి ఆ పని పూర్తిగా రాలేదు, అంతే.

ఆ కనపడని గుర్తు మంచిదే

ఆ గుర్తుని జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. "ఇక్కడ కలపొద్దు" అని ఇంజన్‌కి చెప్పడం దాని పని. అది లేకపోతే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది. "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అవుతుంది. ఎవరైనా గట్టిగా చదివితే తేడా తెలుస్తుంది. ఇంగ్లీషు మాటలు, పేర్లు తెలుగులో రాసేటప్పుడు ఇది చాలా అవసరం. కొన్ని కీబోర్డుల్లో దీనికి ప్రత్యేకంగా ఒక మీట ఉంటుంది. మీ కీబోర్డులో ఉందేమో ఒకసారి చూడండి.

ఇంజన్ చేయలేని పని

ఇంత తెలివైన ఇంజన్ ఉన్నాక మనిషి ఎందుకు అనిపించొచ్చు. ఇంజన్ అక్షరాన్ని పేరుస్తుంది. లైనుని, పేజీని చూసుకోవాల్సింది మాత్రం మనమే.

ముందు ఎత్తు సంగతి. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల దూరం తెలుగుకి పెడితే, పై లైను వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి. కొన్ని యాప్‌లలో బటన్ మీద తెలుగు అక్షరాల తలలు తెగిపోయి కనపడేది ఇందుకే. పోస్టర్ చేస్తుంటే లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు కంటే కాస్త ఎక్కువే ఇవ్వండి.

రెండోది మాటల మధ్య ఖాళీ. మన మాటలు పొడుగు. "చెప్పుకుంటున్నారనుకున్నాను" అంతా ఒకే మాట. సన్నటి కాలమ్‌లో రెండు అంచులూ సమానంగా ఉండాలని పట్టుబడితే, లైనులో రెండే మాటలు పట్టి మధ్యలో పెద్ద ఎడారి వస్తుంది. అలాంటి చోట కుడి అంచుని వదిలేయడమే మేలు. మాట విరవాల్సి వస్తే అక్షరం మొత్తం అయ్యాకే విరవాలి. పొల్లు అక్షరం ఒక్కటే కింది లైనుకి పోకూడదు. అర్థం కూడా చూసుకోవాలి. "పాలుగారే బుగ్గలు" అన్నదాన్ని "పాలు" దగ్గర విరిచి "గారే బుగ్గలు" అని కింద వేస్తే, పాలుగారెవరో పెద్దమనిషి అనుకుంటారు చదివేవాళ్లు.

మూడోది సాగదీయడం. ఫ్లెక్సీలో పేరు పట్టలేదని అక్షరాల్ని పక్కలకి నొక్కేస్తారు, లేదా నిలువుగా లాగేస్తారు. దానివల్ల సన్నగా ఉండాల్సిన గీత లావవుతుంది, లావుగా ఉండాల్సింది సన్నబడుతుంది. దానికంటే సన్నటి ఫాంట్ ఒకటి వెతుక్కోవడం మంచిది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, గురజాడ, ధూర్జటి, ఇలా చాలా తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. అన్నీ యూనికోడ్‌వే.

రేపు మీ ఇంట్లో శుభలేఖ వేయిస్తుంటే

ఇదంతా ఎప్పుడు పనికొస్తుందంటే, మీ అక్క పెళ్లి కార్డు మ్యాటర్ వాట్సాప్‌లో షాపుకి పంపినప్పుడు. మీ ఫోన్‌లో "లక్ష్మి" అని చక్కగా ఉంటుంది. షాపులో ఇంజన్ సరిగ్గా లేని సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే "లక్‌ష్‌మి" అని వస్తుంది. ఐదు వందల కార్డులు అచ్చయ్యాక చూసుకుంటే ఏం లాభం? అందుకే నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, షాపు వాళ్లు యూనికోడ్ వాడతారా, అను లాంటి పాత ఫాంట్ వాడతారా అని ముందే అడగండి. పాతదైతే మీ మ్యాటర్‌ని మళ్లీ టైప్ చేయడమో కన్వర్ట్ చేయడమో జరుగుతుంది. అంటే మళ్లీ తప్పులకి అవకాశం ఉన్నట్టే.

రెండు, మీరే డిజైన్ చేస్తుంటే, ఇన్‌డిజైన్‌లో "వరల్డ్ రెడీ" అనే కంపోజర్‌ని ఎంచుకోండి. పొల్లులు విడిపోయి కనపడితే ముందు అనుమానించాల్సింది దాన్నే. చూశారా, దాని పేరు కూడా కంపోజరే.

మూడు, ప్రూఫు ఫోన్ స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద చదవండి. పాత ప్రెస్సుల్లో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవాళ్లు. మీరూ అలాగే ఇద్దరు కూర్చోండి. అన్నీ తెలిసిన పేర్లే కాబట్టి కన్ను తప్పుని దాటేస్తుంది. చెవి దాటనివ్వదు. తేదీకీ వారానికీ పొంతన ఉందా, ముహూర్తం సమయం, ఫోన్ నంబరు విడిగా ఇంకోసారి చూడండి.

నాలుగు, ఫైనల్ మ్యాటర్‌ని ఫొటోగా మాత్రమే దాచుకోకండి. అక్షరాలుగా, యూనికోడ్‌లో ఒక కాపీ ఉంచుకోండి. ఫొటోలోని తెలుగు చూడ్డానికి బాగుంటుంది గానీ, వెతికితే అంత తేలిగ్గా దొరకదు.

సీసం కాలంలో కంపోజిటర్ పేరు పుస్తకం మీద వేయడం అరుదు. ఆయన పని బాగుంటే అసలు ఆయన ఉన్నాడనే ఎవరికీ తెలియదు, తప్పు పడినప్పుడే గుర్తొచ్చేవాడు. ఇప్పుడు ఇంజన్ పరిస్థితీ అంతే. అయితే ఒక తేడా ఉంది. అప్పుడు అక్షరాలు పేర్చడం కొద్దిమందికే వచ్చు. ఇప్పుడు తెలుగులో ఒక్క మెసేజ్ కొట్టే ప్రతి ఒక్కరూ సగం కంపోజిటరే. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో, యూనికోడ్‌లో సరిగ్గా రాసిన ప్రతి లైనూ పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరికి దొరుకుతుంది, చదవడానికి వస్తుంది, వినడానికి వస్తుంది.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో ప్రెస్సులో పనిచేసిన తాతయ్యో మామయ్యో ఉంటే, ఆయన దగ్గర కూర్చుని కేసుల గురించి అడగండి. ఏ అక్షరం ఎక్కడుండేదో ఆయన వేళ్లకి ఇంకా గుర్తుండే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.